ఆజ్ గుడ్ ఆజ్ డెడ్ ఎలా చదవాలి: పిప్ సిరీస్ ఆఖరి పుస్తకం మొదలుపెట్టేవాళ్ళ కోసం

హోలీ జాక్సన్ రాసిన ఎ గుడ్ గర్ల్స్ గైడ్ టు మర్డర్ చదివేసి, దాని తర్వాతది గుడ్ గర్ల్ బ్యాడ్ బ్లడ్ కూడా అయిపోయి, ఇప్పుడు మూడోది, అంటే ఆజ్ గుడ్ ఆజ్ డెడ్, చేతిలో పెట్టుకుని కూర్చున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. మొదటి రెండు పుస్తకాల్లో ఏం జరిగిందో ఇందులో ఓపెన్‌గా మాట్లాడతాను, కాబట్టి అవి చదవనివాళ్ళు ఇక్కడే ఆగి ముందు అవి చదివి రండి, నిజంగా చెప్తున్నా. మూడోదాని గురించి మాత్రం వెనక అట్ట మీద ఉన్నదీ మొదటి కొన్ని చాప్టర్లలో వచ్చేదీ తప్ప ఇంకేం చెప్పను.

అసలు విషయం ముందే చెప్పేస్తా. చాలామంది ఈ మూడో పుస్తకాన్ని మొదటి రెండింటిలాగే చదువుతారు, అంటే హంతకుడు ఎవరో, ఈ కథల్లో కేసులు ఛేదించే అమ్మాయి పిప్ కంటే ముందే కనిపెట్టేయాలి అనే పట్టుదలతో పేజీలు తిప్పేసుకుంటూ పోతారు, తర్వాత "ఇదేంటి ఇలా అయింది, నాకు నచ్చలేదు" అంటారు. ఈ పుస్తకంలో మిస్టరీ ఉంది, మంచి మిస్టరీనే, కానీ పుస్తకం నిలబడింది దాని మీద కాదు. రెండు కేసులు చేసిన పద్దెనిమిదేళ్ళ అమ్మాయికి లోపల ఏమైంది, పోలీసులూ కోర్టులూ చేతులెత్తేసిన చోట ఆ అమ్మాయి ఏం చేస్తుంది, అదీ ఇక్కడి కథ. ఆ కళ్ళతో చదివితే నాకు తెలిసి యంగ్ అడల్ట్ థ్రిల్లర్లలో ఇంత ధైర్యంగా ముగిసిన సిరీస్ ఇంకోటి లేదు.

ముందు వరస సంగతి. మొదటిది 2019లో వచ్చింది, రెండోది 2020, మూడోది 2021. వీటితోపాటు కిల్ జాయ్ అని ఒక చిన్న పుస్తకం కూడా 2021లోనే వచ్చింది, అది మొదటిదాని కంటే ముందు జరిగే కథ, ఫ్రెండ్స్ అంతా ఒక ఇంట్లో చేరి మర్డర్ మిస్టరీ ఆట ఆడతారు, ఆ రాత్రి తర్వాతే పిప్ తన ఊళ్ళో మాయమైపోయిన ఆండీ బెల్ అనే అమ్మాయి కేసు మీద స్కూల్ ప్రాజెక్ట్ చేద్దాం అనుకుంటుంది. దీన్ని ఎప్పుడు చదవాలి అని చాలామంది అడుగుతుంటారు. నా మాట వింటే రెండోది అయ్యాక, మూడోది తెరవకముందు చదవండి, ఒక సాయంత్రంలో అయిపోతుంది. ఎందుకంటే అందులో పిప్ ఇంకా సరదాగా ఉండే పిల్ల, ఓడిపోతే ఉడుక్కునే పిల్ల, క్లూ దొరికితే కళ్ళు మెరిసే పిల్ల. ఆ పిల్లని ఒకసారి చూసి వెంటనే మూడో పుస్తకం మొదటి పేజీలోకి వెళ్తే ఆ తేడా గట్టిగా తగులుతుంది, ఆ తగలడం ఈ పుస్తకానికి చాలా అవసరం.

కొనేటప్పుడు ఎడిషన్ చూసుకోండి. బ్రిటిష్ ఎడిషన్‌లో ఊరు లిటిల్ కిల్టన్, అది ఇంగ్లండ్‌లో బకింగ్‌హమ్‌షర్‌లో ఉన్నట్టు కల్పించిన ఊరు. అమెరికన్ ఎడిషన్‌లో అదే కథ కనెక్టికట్‌లో ఫెయిర్‌వ్యూ అనే ఊళ్ళో జరుగుతుంది, స్కూల్ ప్రాజెక్ట్ పేరు కూడా మారిపోతుంది. మొదటి రెండూ ఒక ఎడిషన్‌లో చదివి మూడోది ఇంకో ఎడిషన్‌లో మొదలుపెడితే పది పేజీల పాటు ఈ ఊరేంటి అని తికమక పడతారు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఇండియా నుంచి పుస్తకాలు తెచ్చుకుని మూడోది అక్కడ కొన్నా, ఇక్కడివాళ్ళకి అక్కడి చుట్టాలు గిఫ్ట్‌గా పంపినా ఇదే గొడవ. నాకైతే బ్రిటిష్ ఎడిషనే బాగుంటుంది, ఆ చిన్న ఊరి ముచ్చట్లు, అందరికీ అందరి సంగతులూ తెలిసిపోవడం, ఆండీని చంపాడని అందరూ నమ్మిన సాల్ సింగ్ కుటుంబాన్ని ఊరంతా కలిసి వెలివేసినట్టు చూడడం, అవన్నీ ఆ గడ్డ మీదే సహజంగా కుదిరాయి.

ఇంకో మాట, ఫుట్‌పాత్ మీద వంద నూటయాభైకి దొరికే నకిలీ ప్రింట్లు ఈ సిరీస్‌కి మాత్రం వద్దు. ఈ పుస్తకాల్లో కథ ఒక్కటే ఉండదు, ఇంటర్వ్యూ రికార్డులు, మెసేజ్‌లు, మ్యాప్‌లు, చేత్తో రాసినట్టుండే నోట్సులు ఉంటాయి, నకిలీ ప్రింట్‌లో అవి నల్లగా అలికేసినట్టు పడతాయి. సరిగ్గా అక్కడే క్లూ ఉంటుంది మరి. డబ్బులు ఇబ్బందైతే పాతదైనా సరే ఒరిజినల్ వెతకండి, ఆబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల దగ్గరో, డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లోనో దొరకొచ్చు, లేదా లైబ్రరీలో అడగండి.

టీవీ సిరీస్ చూశాం కదా డైరెక్ట్‌గా మూడో బుక్ చదివేయొచ్చా అనేవాళ్ళకి ఒకటే జవాబు, వద్దు. 2024లో బీబీసీలో వచ్చి మనకి నెట్‌ఫ్లిక్స్‌లో కనిపించిన ఆ ఆరు ఎపిసోడ్ల సీజన్ మొదటి పుస్తకం వరకే, అందులోనూ మార్పులు చేశారు. ఎమ్మా మైయర్స్ పిప్‌గా బాగా చేసింది, చూడండి, కానీ మూడో పుస్తకం పట్టుకునేది పుస్తకాల్లోని వివరాలని, స్క్రీన్ మీదవి కాదు.

ఇప్పుడు ముఖ్యమైన పని, మొదటి రెండింటిని ఒకసారి మళ్ళీ తిరగేయడం. మొత్తం చదవక్కర్లేదు. కానీ రెండోది చదివి ఏడాది దాటితే చదివినదంతా గుర్తుందనుకోవడం ఉత్త భ్రమ, పేర్లు గుర్తుంటాయి గానీ ఎవరు ఎవరికి ఏం చేశారనేది కలిసిపోతుంది. మొదటి పుస్తకంలో చివరి పది చాప్టర్లు చదవండి, పిప్ ప్రాజెక్ట్ లాగ్‌లు పైపైన చూడండి, ఆండీ ఎలాంటి పిల్ల అని ఒక్కొక్కరూ ఒక్కోలా చెప్పిన చోట్ల ఆగండి, బెల్ వాళ్ళ ఇంటి వాతావరణం గురించి వచ్చిన ముక్కలు వదలకండి. బార్నీ అనే పిప్ వాళ్ళ కుక్క సంగతి కూడా గుర్తు చేసుకోండి. పిప్ మొదటిసారి "ఇది నా వల్లే" అనుకున్నది అక్కడే.

రెండో పుస్తకం మాత్రం కుదిరితే పూర్తిగా చదవండి, కుదరకపోతే చివరి మూడో వంతైనా. ఎందుకంటే మూడోది మొదలయ్యేసరికి పిప్ ఇంకా ఆ రాత్రిలోనే ఉంది. ఊళ్ళో విలేకరి స్టాన్లీ ఫోర్బ్స్‌ని తన కళ్ళ ముందే కాల్చేశారు, రక్తం ఆపడానికి చేతులు అడ్డం పెట్టింది, ఆపలేకపోయింది. కాల్చిన చార్లీ గ్రీన్ ఆమెకి పరాయివాడేం కాదు, ఇరుగుపొరుగు మనిషి, మంచిగా మాట్లాడిన మనిషి. స్టాన్లీ ఎవరి కొడుకు, చిన్నప్పుడు అతనితో ఏం చేయించారు, చార్లీ ఎందుకు కాల్చాడు, ఈ మూడూ కలిపి చూస్తే అక్కడ ఎవరు మంచి ఎవరు చెడ్డ అని గీత గీయలేం. పిప్‌ని నిద్రపోనివ్వనిది అదే. ఇంకో పక్క మాక్స్ హేస్టింగ్స్, అమ్మాయిలకి మత్తుమందు ఇచ్చి అత్యాచారం చేశాడన్న కేసులో అన్ని సాక్ష్యాలు ఉన్నా నిర్దోషి అని కోర్టు వదిలేసింది. ఆ తీర్పు వచ్చిన రోజు పిప్ ఏం చేసిందో, ఆన్‌లైన్‌లో ఏం పెట్టిందో తప్పకుండా మళ్ళీ చదవండి, మూడో పుస్తకం మొదట్లోనే ఆ గొడవ తలుపు తడుతుంది. పనిలో పనిగా ఇన్‌స్పెక్టర్ హాకిన్స్ రెండు పుస్తకాల్లోనూ పిప్‌తో ఎలా మాట్లాడాడో కూడా చూడండి. జేమీ రేనాల్డ్స్ కనిపించట్లేదని వాళ్ళ వాళ్ళు వెళ్తే పోలీసులు ఎంత తేలిగ్గా తీసుకున్నారు? "పోలీసులకి చెప్పొచ్చు కదా" అని మూడో పుస్తకం చదువుతున్నప్పుడు మీకు ఎప్పుడైనా అనిపిస్తే, జవాబు అప్పటికే మీ దగ్గర ఉండాలి.

ఒక నోట్‌బుక్ పక్కన పెట్టుకోండి, ఫోన్‌లో నోట్స్ కంటే పేపర్ నయం, ఫోన్ పట్టుకుంటే చేయి దానంతటదే గూగుల్ దగ్గరికి పోతుంది. అందులో ఒక పేజీలో పేర్లు రాయండి, కుటుంబాల వారీగా. ఫిట్జ్ అమోబిలు, సింగ్‌లు, బెల్‌లు, వార్డ్‌లు, రేనాల్డ్స్‌లు, హేస్టింగ్స్‌లు, నాట్ డ సిల్వా వాళ్ళు. రెండో పేజీలో తేదీలు. ఆండీ మాయమైంది 2012 ఏప్రిల్ 20న, అది పైన రాసుకోండి. మూడో పుస్తకం వెనక అట్ట మీద ఆరేళ్ళ క్రితం పట్టుబడిన ఒక సీరియల్ కిల్లర్ మాట ఉంటుంది, పట్టుకున్నది అసలు మనిషినేనా అన్న అనుమానం కూడా. ఆ కేసుకి సంబంధించి ఏ తేదీ కనిపించినా ఆండీ తేదీ కింద వరసగా రాసుకుంటూ పోండి. ఎందుకో నేను చెప్పను, రాసుకోండి అంతే.

మూడో పేజీ ఇంటి ముందు కనిపించే వాటికి. కథ మొదలవడమే పిప్ ఇంటి ముందు, కారు దారిలో చచ్చి పడున్న ఒక పావురంతో మొదలవుతుంది. దాన్ని పిప్ ఎలా చూస్తుందో ఆ పేరా మెల్లగా చదవండి, ఆ పిల్ల పావురాన్ని చూస్తోందా, స్టాన్లీని చూస్తోందా అనేది అక్కడే తెలిసిపోతుంది. తర్వాత నేల మీద సుద్దముక్కతో గీసిన గీతలు, ముందు అసలు బొమ్మలని కూడా అనిపించవు, పిల్లలు గీసినవేమో, టైరు మరకలేమో అనిపిస్తాయి. అవి ఎక్కడ ఉన్నాయి, ఎన్ని ఉన్నాయి, ఇంటి గడపకి ఎంత దూరంలో ఉన్నాయి, కనిపించిన ప్రతిసారీ పేజీ నంబర్‌తో సహా రాయండి. రచయిత్రి ఆ దూరాన్ని ఊరికే చెప్పట్లేదు. ఆన్‌లైన్‌లో ఎవరో పదే పదే అడిగే ఆ ప్రశ్న, నువ్వే మాయమైపోతే నిన్నెవరు వెతుకుతారు అన్నది, అది వచ్చినప్పుడల్లా కూడా రాయండి.

ఇక్కడొక చిక్కుంది. పిప్‌కి నిద్ర లేదు, నిద్ర కోసం మాత్రలు వాడుతోంది, ఏదైనా ధన్ మని పడితే తుపాకీ పేలినట్టు వినిపిస్తుంది. అలాంటప్పుడు తను చూసింది నిజమేనా అని తనకే నమ్మకం లేదు, చుట్టూ ఉన్నవాళ్ళకి అసలే లేదు. మనం కూడా నమ్మాలా వద్దా అని ఊగిసలాడతాం. అందుకే నోట్‌బుక్‌లో రెండు రకాలుగా రాయండి, పిప్ ఒక్కతే చూసినవి ఒక పక్క, వేరేవాళ్ళు కూడా చూసినవి ఇంకో పక్క. ఈ చిన్న పని చేస్తే పుస్తకం మీకు రెండింతలు ఇస్తుంది.

ఇంగ్లండ్ చట్టం గురించి కొంచెం తెలిసుంటే మొదటి చాప్టర్లలో పిప్ ఎందుకంత ఇరుక్కుపోయినట్టు ఉంటుందో అర్థమవుతుంది. అక్కడ పరువునష్టం కేసులో నువ్వు రాసింది అబద్ధం అని ఎదుటివాడు నిరూపించక్కర్లేదు, అది నిజం అని రాసినవాళ్ళే నిరూపించుకోవాలి. కోర్టు నిర్దోషి అని వదిలేసిన మనిషి గురించి వాడు నేరం చేశాడని పేరు పెట్టి చెప్పిన అమ్మాయి దాన్ని ఎలా నిరూపిస్తుంది చెప్పండి? అలాగే అక్కడ పోలీసులు అరెస్ట్ చేస్తే మామూలుగా ఛార్జ్ పెట్టకుండా 24 గంటలు ఉంచుకోవచ్చు, తీవ్రమైన నేరాలైతే కోర్టు అనుమతితో 96 గంటల దాకా పొడిగించొచ్చు. స్టేషన్‌లో లాయర్ సాయం ఉచితంగా అడిగే హక్కు ఉంటుంది. ఇంటర్వ్యూలు రికార్డ్ అవుతాయి. ఈ సిరీస్‌లో ఎవరైనా పోలీసుల ముందు కూర్చున్న ప్రతి సీన్ వెనకా ఇవి ఉంటాయి.

స్పాయిలర్ల గురించి కాస్త గట్టిగానే చెప్తా. ఈ పుస్తకంలో ఒక మలుపు ఉంది, అది ముందే తెలిస్తే మీరు కోల్పోయేది మామూలుగా ఉండదు. టిక్‌టాక్ మన దగ్గర 2020 నుంచి లేదు గానీ అవే వీడియోలు రీల్స్‌లోనూ షార్ట్స్‌లోనూ తిరుగుతూనే ఉన్నాయి. అందుకని మొదలుపెట్టిన రోజే ఇన్‌స్టాలో పుస్తకం పేరు, పిప్ పేరు, ఆమె బాయ్‌ఫ్రెండ్ రవి పేరు మ్యూట్ చేసేయండి. గూగుల్‌లో ఏ క్యారెక్టర్ పేరూ కొట్టకండి, మీరు పేరు టైప్ చేసేలోపే అది వాక్యం పూర్తి చేసి పెట్టేస్తుంది. రేటింగ్ చూద్దామని గుడ్‌రీడ్స్ తెరవకండి, రివ్యూ మొదటి లైన్‌లోనే కొంపలు ముంచేవాళ్ళు ఉన్నారు. ఆల్రెడీ చదివిన ఫ్రెండ్ ఉంటే "ఏ పేజీలో ఉన్నావ్" అని మాత్రం అడగనివ్వండి, "అబ్బా ఇంకా అక్కడే ఉన్నావా" అన్న ఆ ఒక్క మాట కూడా ఏదో రాబోతోందని చెప్పేస్తుంది.

పిల్లల కోసం కొంటున్న అమ్మానాన్నలకి ఒక మాట. అట్ట మీద స్కూల్ పిల్లల కథలా కనిపిస్తుంది, మొదటి పుస్తకం ఎనిమిదో తొమ్మిదో క్లాస్ పిల్లలు కూడా చదివేస్తారు. మూడోది అలా కాదు. వెంటాడడం, హింస, మత్తు మాత్రలు, లైంగిక దాడి ప్రస్తావనలు, మానసికంగా నలిగిపోవడం, జంతువుల్ని చంపడం, ఇవన్నీ ఉన్నాయి, మెత్తగా చెప్పి తప్పించుకోలేదు కూడా. ఇంటర్ వయసు పిల్లలైతే ఇవ్వండి, అంతకంటే చిన్నవాళ్ళైతే మీరు ముందు చదవండి, లేదా ఇద్దరూ కలిసి చదవండి. వద్దని లాక్కుని దాచేస్తే ఫోన్‌లో పీడీఎఫ్ చదువుతారు, అది ఇంకా అన్యాయం. పెద్దవాళ్ళలో కూడా ఎవరైనా ఈ మధ్యే ఏదైనా పెద్ద దెబ్బ తిని ఉంటే, నిద్ర పట్టని రోజుల్లో ఉంటే, ఈ పుస్తకం ఇప్పుడు కాదు. అది ఎక్కడికీ పోదు, మనసు కుదుటపడ్డాక చదవండి.

ఇక చదవడం. మూడింట్లో ఇదే లావు పుస్తకం, రెండు భాగాలుగా ఉంటుంది. మొదటి భాగం మొదటి సగం రోజుకి నాలుగైదు చాప్టర్ల చొప్పున మెల్లగా చదవండి, రాత్రి పడుకునే ముందు కాకుండా పగలు చదివితే మంచిది. ఇక్కడ చాలామంది "స్లోగా ఉంది" అంటారు. స్లోగా లేదండీ, పిప్‌కి రోజులు అలాగే గడుస్తున్నాయి, ఇంకొన్ని వారాల్లో కేంబ్రిడ్జ్‌కి వెళ్ళిపోవాలి, అప్పటిదాకా మామూలుగా ఉన్నట్టు నటించాలి, అమ్మ ముందు, నాన్న ముందు, తమ్ముడు జాష్ ముందు, ఆఖరికి రవి ముందు కూడా. రవితో ఉండే సీన్లు త్వరగా తిప్పేయకండి, ఆ జోకులు, ఆ ముద్దు పేర్లు, ఊరికే పక్కన కూర్చోవడాలు. రెండో భాగానికి వచ్చాక అవి ఎంత విలువైనవో తెలుస్తుంది.

మొదటి భాగం చివరి వంద పేజీలకి వచ్చేసరికి మాత్రం టైమ్ ఖాళీ చేసుకోండి. శనివారం మధ్యాహ్నం పెట్టుకోండి, బస్సులో అస్సలు వద్దు, ఆఫీస్ లంచ్ బ్రేక్‌లో వద్దు, మధ్యలో ఆపితే మీరు ఆఫీస్‌లో ఉండరు, మనసు అక్కడే ఉంటుంది. తిని కూర్చోండి, ఫోన్ వేరే రూమ్‌లో పెట్టండి, ఒకే ఊపులో ఆ భాగం అవగొట్టండి.

అవగానే పుస్తకం మూసేయండి. ఇది కష్టమైన సలహా అని తెలుసు, పేజీ తిప్పేయమని చేతులు లాగుతాయి, కానీ ఒక్క రాత్రి ఆగండి. నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీసి, మీరే పిప్ అయితే ఇప్పుడు ఏం చేస్తారో రాయండి, నిజాయితీగా, ఎవరికీ చూపించక్కర్లేదు. మన పాత వీక్లీల్లో సీరియల్ సరిగ్గా ఉత్కంఠ దగ్గర ఆపి సశేషం అని వేసేవాళ్ళు, వారం రోజులు ఇంటిల్లిపాదీ వాదించుకునేవాళ్ళు, ఆ వారం కూడా కథలో భాగమే. ఇప్పుడు అంతా ఒకేసారి చేతిలో ఉంటోంది కాబట్టి ఆ గ్యాప్ మనమే ఇచ్చుకోవాలి.

రెండో భాగం నడక పూర్తిగా వేరుగా ఉంటుంది. ఇక్కడ గడియారం ముఖ్యం. ఎవరు ఎన్ని గంటలకి ఎక్కడున్నారు, ఎవరు ఎవరికి ఎప్పుడు ఫోన్ చేశారు, ఇవి వరసగా ఒక గీత గీసి దాని మీద రాసుకుంటే రచయిత్రి పనితనం కనిపిస్తుంది. మొదటి పుస్తకం గుర్తుందా, సాల్ ఆ రాత్రి ఎన్ని గంటలకి ఇంటికొచ్చాడు, ఫ్రెండ్స్ ఏమని చెప్పారు, తర్వాత మాట ఎందుకు మార్చారు అన్న దాని చుట్టూనే కేసంతా తిరిగింది. కారా, నయోమి, కానర్, నాట్, ఈ పాతవాళ్ళంతా మళ్ళీ ఎందుకు వస్తున్నారో, ఎవరు ఎవరికి ఏం రుణపడి ఉన్నారో చూసుకోండి.

పిప్ మీద తీర్పు ఇవ్వాలని చాలాసార్లు అనిపిస్తుంది, ఇది తప్పు, ఇది కరెక్టే, అయ్యో ఇలా చేయకూడదు అని. చివరిదాకా ఆపుకోండి. కోపం వస్తే మార్జిన్‌లో రాయండి, మూడు చాప్టర్ల తర్వాత మీరే దాని పక్కన ఇంకోటి రాస్తారు. పుస్తకం మిమ్మల్ని ఒప్పించడానికి ప్రయత్నించట్లేదు, పిప్‌ని మంచిదని గానీ చెడ్డదని గానీ సర్టిఫికెట్ ఇవ్వట్లేదు, ఆమె పక్కన నిలబెడుతుంది అంతే.

చివరి చాప్టర్లు, ముఖ్యంగా ఆఖరి రెండు మూడు పేజీలు, మాటలు తక్కువ, చాలా తక్కువ. అక్కడ ప్రతి తేదీనీ ప్రతి లైన్‌నీ విడివిడిగా చూడండి, మధ్యలో ఎంత కాలం గడిచిందో లెక్కేయండి. ఎన్ని పేజీలు మిగిలాయో చూద్దామని ముందే వెనక్కి తిప్పే అలవాటు ఉన్నవాళ్ళు ఆ చివరి పేజీలకి ఒక క్లిప్ పెట్టేసుకోండి, కన్ను పడితే పోయినట్టే.

అయ్యాక వెంటనే ఇంకో థ్రిల్లర్ మొదలెట్టకండి. మీరు మొదటి భాగం అయ్యాక రాసుకున్న ఆ పేజీ తీసి, పిప్ చేసినదానితో పోల్చి చూడండి, చదివిన ఫ్రెండ్ ఉంటే వాళ్ళతో కూర్చుని మాట్లాడండి. ముగింపు న్యాయమేనా, రవి స్థానంలో ఉంటే ఏం చేసేవాళ్ళు, ఆ ఊరు చేసిన తప్పుకి శిక్ష ఎవరు మోశారు, వీటి మీద రాత్రంతా వాదించుకోవచ్చు. ఆ తర్వాత మాత్రమే ఆన్‌లైన్‌లో జనం ఏమన్నారో చూడండి, మ్యూట్‌లు తీసేయొచ్చు ఇక.

పుస్తకం ఎవరికైనా చదవడానికి ఇచ్చేటట్టయితే మార్జిన్‌లో రాసినవన్నీ చెరిపేసి ఇవ్వండి, అందుకే మొదటి నుంచీ పెన్సిల్‌తోనే రాయండి, నోట్‌బుక్ మాత్రం పొరపాటున కూడా పుస్తకంలో పెట్టి ఇవ్వకండి.